వడ్డించే చెయ్యి

కాలేజీ గేటుకి ఎదురుగా ఉన్న ఆ చిన్న హోటల్లో వంట కోడలిది, వడ్డన మామగారిది. అత్తగారు బతికున్నప్పుడు పొయ్యి దగ్గర అత్తాకోడళ్ళిద్దరూ ఉండేవారు. ఆవిడ పోయాక వంటిల్లంతా కోడలి మీదే పడింది. ఆమె భర్త కాలేజీ బస్సు నడుపుతాడు. పొద్దున్న వెళ్ళినవాడు దీపాలు పెట్టే వేళకు గానీ ఇల్లు చేరడు. మామగారు వంటింట్లోకి అడుగు పెట్టేవారు కాదు. గుమ్మం దగ్గర నిలబడి గిన్నె అందుకునేవారు, బెంచీల మధ్యకు వెళ్ళిపోయేవారు. మళ్ళీ ఖాళీ గిన్నెతోనే కనిపించేవారు.

ఆయనది ఉత్త వడ్డన కాదు. కంచంలో ఎవరి చెయ్యి ఆగినా చాలు, పక్కన ప్రత్యక్షమయ్యేవారు. పరీక్ష పోయినవాడు, ఇంటి మీద బెంగ పెట్టుకున్న పిల్ల, జ్వరం తగిలి నోరు చేదెక్కినవాడు, ఎవరి సంగతేమిటో ముఖం చూసి కనిపెట్టేవారు. అడిగేది ఒకటో రెండో మాటలు. ఈలోగా కంచంలో కూర పడిపోయేది. వడ్డించేవాడు మనవాడైతే ఏ మూల కూర్చుంటేనేమని విద్యార్థులు నవ్వుకునేవారు. లోపల పొయ్యి ముందున్న కోడలికి ముఖాలు కనిపించేవి కావు, ఆ నవ్వులు మాత్రం వినిపించేవి. అవి వింటూ ఒంటి అలసట మరిచిపోయేది.

అప్పట్లో కాలేజీ అంటే రెండు భవనాలు, ఒక మైదానం. చూస్తూండగానే అది ఊరిని మించిపోయింది. కొత్త కోర్సులు, కొత్త హాస్టళ్ళు, వాటి వెనకే కొత్త హోటళ్ళు. సైకిళ్ళు బాగుచేసే షెడ్డు నూడుల్స్ కొట్టయింది. అది ఏడాది తిరక్కుండానే కాఫీ హోటలైంది. కాఫీ హోటల్ పోయి పిజ్జాలొచ్చాయి. ఆ వీధిలో నికరంగా బాగుపడింది బోర్డులు రాసే పెయింటరొక్కడేనని కోడలితో ఆమె భర్త అని నవ్వేవాడు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు సాగలేదు. తమ బెంచీలు కూడా ఒక్కొక్కటిగా ఖాళీ అవుతూ వచ్చాయి. కొత్త పిల్లలకు చల్లటి గది కావాలి, మెత్తటి కుర్చీ కావాలి. లేదంటే హాస్టల్ మంచం దిగకుండానే ఫోన్లో నొక్కితే అన్నం గుమ్మంలోకి రావాలి. పక్క కొట్ల ముందు హెల్మెట్లు పెట్టుకున్న డెలివరీ వాళ్ళు బారులు తీరడం కోడలు కొన్నాళ్ళు గమనించింది. గాలి ఉన్నప్పుడే తూర్పార పట్టుకోవాలని అత్తగారు అంటూండేది. ఒకరోజు మామగారి దగ్గరకు వెళ్ళి, బెంచీలు తీసేసి అక్కడ ప్యాకింగ్ బల్ల వేద్దామనుకుంటున్నానని చెప్పింది.

"నీకెలా తోస్తే అలా చెయ్యమ్మా. పొయ్యి దగ్గర నిలబడేది నువ్వు," అన్నారాయన.

ఆ మాటను ఆమె ఉన్నది ఉన్నట్టుగానే తీసుకుంది.

ఆమె లెక్క తప్పలేదు. పడిపోతుందనుకున్న హోటల్ పుంజుకుంది. సాయానికి ఇద్దరు ఆడవాళ్ళను పెట్టుకుంది. ముందుగదిలో ఇప్పుడు డబ్బాలు, మూతలు, కాగితం సంచులు. మామగారి కోసం గుమ్మం పక్కన దిండు వేసిన కుర్చీ ఒకటి వేయించింది. ఆయన పెద్దరికంగా అందులో కూర్చునేవారు. వచ్చిన ప్రతి డెలివరీ కుర్రవాణ్ణీ "తిన్నావా నాయనా?" అని అడిగేవారు. వాళ్ళు ఆర్డరు నంబరు అడుగుతున్నారనుకుని ఫోన్ తిప్పి చూపించేవారు. కొన్నాళ్ళకు ఆయన అడగడం మానేశారు.

ఆ తరవాత మధ్యాహ్నాలు బయటకు వెళ్ళడం మొదలుపెట్టారు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాలుగడుగులు నడిచి వస్తానని బయలుదేరేవారు. కాళ్ళు ఆడుతున్నాయి కదా, మంచిదేననుకుంది కోడలు. అయితే తిరిగొచ్చాక ఆయన సరిగ్గా తినేవారు కాదు. రెండు ముద్దలు మింగి చెయ్యి కడిగేసుకునేవారు. ఆమె అన్నం మెత్తగా వండింది, కారం తగ్గించింది, ఆయనకిష్టమని వంకాయ కూర చేసింది. ఏం చేసినా రెండు ముద్దలే. డాక్టరుకి చూపిద్దామని భర్తతో అంటే, వయసు మీద పడుతోంది కదా అని ఊరుకున్నాడు.

అసలు సంగతి ఇస్త్రీ బండి ఆయన చెప్పాడు. బట్టలిస్తూ, మామూలుగానే అడిగాడు. "పెద్దాయన రోజూ గాజు హోటల్లోనే భోంచేస్తున్నారు, మీ ఇంట్లో వంట మానేశారా అమ్మా?"

ఆమె బట్టలు అందుకుని మారు మాట్లాడకుండా లోపలికి వచ్చేసింది. ఇన్నేళ్ళుగా తన చేతి వంట తిన్న మనిషి. వేలమంది చేత తినిపించిన మనిషి. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, అది ఇంతకాలానికి తన ఇంట్లోనే నిజమైందా? ఆ పూట ఉల్లిపాయలు తనే తరుగుతానని పనివాళ్ళ దగ్గర లాక్కుని, వాటి వంక పెట్టుకుని కాసేపు ఏడ్చింది. మామగారిని మాత్రం ఒక్క మాట అడగలేదు. అడిగితే ఆయన నిజమే చెబుతారు. అదే ఆమె భయం.

గాజు హోటల్ వీధి మలుపులో ఉంది. ముందు గోడంతా అద్దమే కాబట్టి ఆ పేరొచ్చింది. దాన్ని పెట్టినావిడ బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చింది. అందుకని అందరూ బ్యాంకమ్మ అనేవారు. నవ్వదు, గట్టిగా మాట్లాడదు, కుర్చీ అంగుళం పక్కకు జరిగినా సర్దుతుంది. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం నేరుగా కోడలి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మీ మామగారి గురించి మాట్లాడాలండీ," అంది.

కోడలు పొయ్యి తగ్గించింది. అన్నిటికీ సిద్ధపడి ముక్కాలిపీట వేసింది.

బ్యాంకమ్మ కూర్చుని, వరసగా చెప్పుకొచ్చింది. మొదటిరోజు ఆయన మూల బల్ల దగ్గర కూర్చుని బుద్ధిగా తినివెళ్ళారు. రెండోరోజు పక్క బల్ల దగ్గర ఒక అమ్మాయి తినకుండా కెలుకుతూంటే, ఒంట్లో బాగోలేదా తల్లీ అని అడిగారు. ఆ పిల్ల భోరుమంది. ఆయన లేచి, తిన్నగా వంటగదిలోకి కేకేసి వేడి సూపు తెప్పించి, ఆ పిల్ల తాగేదాకా ఎదురుగా కూర్చున్నారు. మూడోరోజు నీళ్ళ జగ్గు చేతికి తీసుకున్నారు. ఇప్పుడు తన పనివాళ్ళు ఆయన్ని తన బంధువు అనుకుంటున్నారు, వచ్చేవాళ్ళేమో ఓనరనుకుంటున్నారు.

"నిన్న ఒకతను బిల్లు తగ్గించమని ఆయన్ని అడిగాడండీ. ఆయన తగ్గించేశారు."

కోడలికి నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. పెద్దవారు, తెలియక చేసి ఉంటారు, ఇకమీదట రాకుండా చూసుకుంటానని తడబడుతూ చెప్పబోయింది. బ్యాంకమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"రావొద్దని చెప్పడానికి రాలేదండీ. బిల్లు జోలికి మాత్రం వెళ్ళొద్దని చెప్పండి. నేను చెబితే నొచ్చుకుంటారేమోనని భయం. ఆయన వచ్చినప్పటినుంచీ జనం తినేసి వెంటనే లేచిపోవడం లేదు. నాక్కూడా..." అని ఆగి, కొంగు సర్దుకుని, "నాక్కూడా ఎవరైనా అన్నం తిన్నావా అని అడిగి చాలా ఏళ్ళయింది," అంది.

మర్నాడు మధ్యాహ్నం వంట పని సాయం వాళ్ళకు అప్పజెప్పి, కోడలు గాజు హోటల్‌కి వెళ్ళింది. ఇంతమందికి వండిపెట్టిన మనిషి, ఆ ఊళ్ళో మరో హోటల్ గడప తొక్కడం అదే మొదటిసారి. అద్దం బయటే ఆగిపోయింది. లోపల మామగారు జగ్గు పట్టుకుని బల్లల మధ్య తిరుగుతున్నారు. ఎవరో ఏదో అన్నారు. ఆయన తల వెనక్కి వాల్చి నవ్వారు. అత్తగారు పోయాక ఆయన అలా నవ్వగా ఆమె చూడలేదు. బెంచీలు తీయించింది తనేనన్న సంగతి అప్పుడు గుచ్చుకుంది. ఆయనకు తన వంట మొహం మొత్తలేదు. వడ్డించడానికి ఎదురుగా మనుషులు లేకుండా పోయారు, అంతే.

ఆయన తల తిప్పి ఆమెను చూశారు. బెల్లం డబ్బాలో చెయ్యి పెట్టి దొరికిపోయిన పిల్లవాడిలా అయిపోయింది ముఖం. ఆమె లోపలికి వెళ్ళింది. ఆయన కుర్చీ లాగి, "కూర్చోమ్మా," అన్నారు.

కూర్చుంది. ఆయన ప్లేటు తెచ్చి పెట్టారు, అన్నం వడ్డించారు, కూర వేశారు. పక్కనే నిలబడ్డారు. పెళ్ళయి వచ్చిన నాటినుంచీ ఆమె తినేది అందరి భోజనాలూ అయ్యాకే, గిన్నెలో మిగిలిందే, నిలబడే. ఒకళ్ళు పక్కన నిలబడి కొసరి వడ్డించడం ఆమెకు కొత్త. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఉప్పు తక్కువైంది మామయ్యా," అంది మెల్లగా.

ఆయన వంగి, రహస్యంగా, "నాకూ తెలుసమ్మా. వాళ్ళతో అనలేదు. నీ వంట మరిగిన నోరు కదా, నాకే అలా అనిపిస్తోందేమోననుకున్నా," అన్నారు.

"ఇంట్లో ఊసుపోవడం లేదని నాతో ఒక్క మాట అనలేకపోయారా?"

ఆయన జగ్గు బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చున్నారు. "అంటే ఏం చేసేదానివి? బెంచీలు మళ్ళీ తెచ్చి వేసేదానివి. రెక్కలు ముక్కలు చేసుకుని నిలబెట్టిన హోటల్, నా సరదా కోసం మళ్ళీ ముంచుకునేదానివి. నువ్వలా చేస్తావని తెలుసు కాబట్టే చెప్పలేదు."

ఆమె ప్లేటులో ఉన్నదంతా, ఉప్పు తక్కువైన కూరతో సహా, మెతుకు మిగల్చకుండా తింది.

బెంచీలు తిరిగి వేయించాలని ఆమెకు అనిపించకపోలేదు. వేస్తే డబ్బాలు పెట్టుకునే చోటుండదు, చోటు లేకపోతే వ్యాపారం లేదు. ఆ మాట పైకి అనుకోకుండానే ఇద్దరూ ఒప్పుకున్నారు. మర్నాటినుంచి ఆయన నడిచి వస్తాననడం మానేసి, పనిలోకి వెళ్తున్నానని చెప్పి బయలుదేరారు. ఆమె చొక్కా అందించింది. బిల్లు సంగతి కూడా చెప్పింది. ఆయన కాస్త చిన్నబుచ్చుకుని, ఆ పిల్లవాడి దగ్గర నిజంగానే డబ్బుల్లేవమ్మా అని గొణిగారు.

ఏడాది గడిచింది. కాలేజీకి అవతలి వైపు ఇంకో గేటు తెరిచారు. జనం అటు మళ్ళారు, హోటళ్ళూ అటే పరుగెత్తాయి. గాజు హోటల్లో బల్లలు పలచబడ్డాయి, వంటమనిషి కూడా చెప్పాపెట్టకుండా అటే పోయాడు. బ్యాంకమ్మ మూసేద్దామనుకుంటోందని మామగారు ఒక సాయంత్రం చెప్పారు. చెప్పి, అన్నం ముందు అలాగే కూర్చుండిపోయారు.

కోడలు రెండు రోజులు ఆలోచించింది. తన వంటిల్లు డెలివరీల మీద బతుకుతోంది, ఎదురుగా మనుషులు కూర్చున్నా కూర్చోకపోయినా ఆగదు. బ్యాంకమ్మకేమో హాలుంది, వండే చెయ్యి లేదు. భర్తతో చెబితే, అతను బస్సు నడిపేవాడి భాషలోనే, రెండు సగం ఖాళీ బస్సులు నడపడం కంటే నిండుగా ఒకటి నడపడం మేలన్నాడు. ఆమె బ్యాంకమ్మ దగ్గరకు వెళ్ళింది. బ్యాంకమ్మ అంతా విని, రెండు ప్రశ్నలు వేసి, సరేనంది. నెల తిరిగేసరికి కోడలి పొయ్యిలు గాజు హోటల్ వెనక గదిలోకి మారాయి. డబ్బాలు వెనక గుమ్మంలోంచి వెళ్తాయి, కంచాలు ముందు హాల్లోకి వస్తాయి. హాలు ఎప్పుడూ కిటకిటలాడదు, ఎప్పుడూ ఖాళీగానూ ఉండదు.

ఆ వానాకాలం మామగారికి మోకాళ్ళు పట్టేశాయి. ఎక్కువసేపు నిలబడవద్దని డాక్టరు చెప్పాడు. ఆయన కిటికీ పక్కన కూర్చుని, ఎవరి ప్లేటు ఖాళీ అయిందో కళ్ళతో చూపిస్తే పనివాళ్ళు అందుకునేవారు. ఒక మధ్యాహ్నం పెద్ద వాన పట్టి, తడిసిన విద్యార్థులతో హాలు నిండిపోయింది. చేతులు చాలక కోడలే గిన్నె పట్టుకుని బయటకు వచ్చింది. మామగారిలా అడగాలనుకుంటూనే రెండు బల్లలు ఊరికే దాటేసింది. చివరికి ధైర్యం చేసి ఒక కళ్ళద్దాల అబ్బాయిని, భోజనం ఎలా ఉంది బాబూ అని అడిగింది.

"బాగుందండీ. కారమే కాస్త ఎక్కువైంది," అన్నాడతను మర్యాదగా.

ఆమె ముఖం మాడిపోయింది. గిన్నెతో సహా మామగారి దగ్గరకు వచ్చి, అన్నేళ్ళలో తన వంటకు ఒక్కరూ వంక పెట్టలేదని, ఇప్పుడేమో ఇలా అంటున్నారని వాపోయింది.

ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గారు. "ఒక్కరూనా? రోజూ పదిమంది అనేవారమ్మా. అన్నం పలుకైందనేవారు, కూర మాడిందనేవారు. నేను వినేసి అక్కడే మింగేసేవాణ్ణి. పొగలో నిలబడి వండేదానివి, ఆ మాటలు నీ దాకా ఎందుకు?"

అవతలి బల్ల దగ్గర ఎవరో పిలిచారు. ఆమె వస్తున్నానని అటు తిరిగి, మళ్ళీ ఆయన వైపు వంగి, "రేపటినుంచి అవన్నీ నాకు చెప్పాలి మామయ్యా," అంది.

"నీకెందుకమ్మా?" అన్నారాయన.

"కారం తగ్గించుకుంటాను."

ఆయన కాసేపు ఆలోచించి, సగం చెబుతానన్నారు.