పచ్చ అంటే ఏ పచ్చ

సత్యవేడులో ముప్పై ఏండ్లుగా గోడలకు రంగులు వేస్తున్నాను. రంగు మాటొస్తే నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మా అమ్మాయి నిస్సీ డిగ్రీ అయ్యాక ఏడాదిగా నాతోనే పనిచేస్తోంది. "నాయనా, ఈ తూరి ఏ రంగో నేను చెప్తా" అంటే సరేనన్నాను గానీ, మనసులో ఒప్పుకోలేదు.

పని నాగరత్నమ్మక్కది. చిత్తూరు నుంచి వచ్చి ఇక్కడ జాకెట్లు కుడుతుంది. మిషను గదికి పచ్చ రంగు కావాలని ఫోన్లో చెప్పింది. మా ఊళ్లో మాట్లాడేది సగం తమిళం, పచ్చ అంటే ఆకుపచ్చే. నిస్సీ గది చూడకముందే నేను డబ్బా కొనుక్కెళ్లి గోడ మీద బారెడు మేర పూసేశాను.

అక్క వచ్చి చూసి నడుం మీద చేయి పెట్టుకుంది.

"ఏమప్పా ఏబెల్, పచ్చంటే ఇదా? నేను చెప్పింది పసుపుపచ్చ. నీకు కాదంటే చెప్పు, ఇంకొకర్ని పిలిపిస్తా."

నాకు ఒళ్లు మండింది. నోరు తెరవబోతే నిస్సీ నా చేయి పట్టుకుంది.

"ఒక్క దినం టైమియ్యి అత్తా. రేపు సాయంత్రం నువ్వే సూసి చెప్పు."

ఆకుపచ్చ పక్కనే జానెడు పసుపుపచ్చ పూసింది. దాని పక్కన, పాలల్లో రెండు చుక్కల డికాషన్ పడినట్టుండే తెలుపు పూసింది. మర్నాడు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పోయి చూసొచ్చింది. సాయంత్రం నన్నూ లాక్కుపోయింది.

ఆ గదికి ఒకటే కిటికీ. దాని అవతల మామిడిచెట్టు. అక్క గుడ్డ రంగుకు దారం రంగు కలపాలంటే పన్నెండేండ్లుగా లేచి వీధి గడపలోకి పోయి ఎండలో చూసుకుంటుంది. నిస్సీ ఒక మెరూన్ గుడ్డ తీసి మూడు రంగుల దగ్గరా పట్టింది. ఆకుపచ్చ దగ్గర అది నల్లబడింది. పసుపు దగ్గర ఇటుక రంగుకు తిరిగింది. తెలుపు దగ్గర మాత్రం మెరూనే.

"ఆకుల్లోంచి వచ్చే ఎలుతురే పచ్చగా ఉండాది అత్తా. గోడకు కూడా ఏ పచ్చ ఏసినా గుడ్డ నీకు అబద్ధం చెప్తాది."

అక్క ఆ గుడ్డ అందుకుని తనూ మూడు చోట్లా పట్టి చూసి, "సరే, అదే వెయ్యండి" అంది.

మూడో రోజుకు గది పూర్తయింది. అక్క మిషను ముందు కూర్చుని, ఒక దారం రీలు తీసి గుడ్డ మీద పెట్టింది. లేచి గడప దాకా పోయి, ఎండలో చూసి వచ్చింది.

"కలిసింది," అంది. రెండో రీలుకు లేవలేదు.

తరవాత నావైపు తిరిగింది. "హాలుకు రంగు చెప్పేదానికి పాపను పంపిచ్చప్పా. నువ్వు బ్రష్ పట్టుకోని ఎనకాల రా."

ఇంకోసారైతే ఆ మాటకు డబ్బా తన్నేసి వచ్చేవాడిని. ఆ రోజు మాత్రం గర్వంగా తలూపాను. ఇంటికి పోయేటప్పుడు నిచ్చెన, బ్రష్‌లు నేనే మోసుకుంటూ, కావాలనే నాలుగడుగులు నిస్సీ వెనక నడిచాను.