గీత లేని బంతి

రొట్టెముక్కలకు వెన్న రాస్తున్నా ఇష్బెల్‌కు నవ్వు ఆగడం లేదు. పెళ్లయి పదకొండు వారాలు. భర్త గ్రెగర్ పెళ్లికానుకగా ఇచ్చిన నాలుగు బౌల్స్ బంతులు, ఆమె అరచేతికి సరిగ్గా అమరేవి, బల్ల కింద సంచిలో ఉన్నాయి. ఈరోజు క్లబ్బులో జంటల ఫైనల్. గెలిస్తే జిల్లా పోటీకి వెళ్లొచ్చు. ఫైనల్ ఆడే మనిషే అందరికీ శాండ్‌విచ్‌లు ఎందుకు చేయాలని ఎవరూ అడగలేదు. కిటికీలోంచి కోసిన గడ్డి వాసన వస్తుంటే ఆమెకూ అడగాలనిపించలేదు.

ఆఖరి వంతుకు స్కోరు సమం. జోడీలో ముందు వేసేది ఆమె. అవతలి చివర, జాక్ అనే చిన్న తెల్లబంతి పక్కన నిలబడి ఎలా వేయాలో చెప్పేది కెప్టెన్ గ్రెగర్. గడ్డిమీద దొర్లించిన బంతుల్లో జాక్‌కు అన్నిటికన్నా దగ్గరగా ఆగినదానిదే గెలుపు.

మొదటి రెండూ పొట్టిగా ఆగాయి. మూడోది అతను చెప్పినట్టే గట్టిగా వేస్తే దూసుకెళ్లి మైదానం చివరి గాడిలో పడింది.

“మళ్లీ గట్టిగానే, బంగారం! కుడివైపునుంచి! వాళ్ల బంతుల్ని చెదరగొట్టెయ్!”

ఎండకు ఆరిన గడ్డి బంతిని జార్చేస్తోంది. ఎడమనుంచి మెల్లగా వదిలితే వంపు తిరిగి లోపలికొస్తుందని ఆమె మణికట్టుకు తెలుసు. మొదటిసారిగా, మొగుడి చెయ్యి కనిపించనట్టు నటించింది. బంతి తీరుబడిగా వంగి, చెంప నిమిరినట్టు జాక్‌ను తాకి ఆగింది.

“తాకింది! గీత గియ్యి!” అరిచింది ఇష్బెల్.

తాకిన బంతికి, తర్వాతి బంతి ఆగేలోపే కెప్టెన్ సుద్దగీత గీయాలి. గీత ఉంటే గాడిలో పడినా బతికున్నట్టే. లేకుంటే చచ్చినట్టే.

“ఆఁ, చూశాలే,” చెయ్యి ఊపి, గ్రెగర్ ప్రత్యర్థి కెప్టెన్ డూగల్ వైపు తిరిగాడు. “చెప్పిన మాట వినదు. దారి తప్పినా ఇల్లు చేరిందిలే కొత్తపెళ్లికూతురు!”

ఇద్దరూ పగలబడి నవ్వారు. అంత దూరంనుంచి అతను వంగాడో లేదో కనిపించలేదు. వంగే ఉంటాడనుకుంది. మొగుడు కదా.

కెప్టెన్లు వేసే వంతు వచ్చాక ఆమె జాక్ దగ్గరికి నడిచొచ్చి చూసింది. తన బంతి నల్లగా, నున్నగా ఉంది. గీత లేదు. ఇప్పుడు గీస్తే చెల్లదు. దాన్నెవరూ కదపకపోతే గెలుపు తమదే. వచ్చే ఒక్కో బంతికీ ఆమె ఊపిరి బిగపట్టింది. డూగల్ ఆఖరి బంతి రాయిలా వచ్చి కొట్టింది. జాక్, ఆమె బంతి కలిసి గాడిలోకి దొర్లి, ఒకదాన్నొకటి ఆనుకుని ఆగాయి.

అంపైర్ వంగి గీత కోసం వెతికాడు. ఆమె బంతిని తీసి పక్కన పెట్టేశాడు. గెలుపు డూగల్ జోడీకి పోయింది.

“పోనీలే, ఆటేగా! అయినా అది అదృష్టంకొద్దీ తగిలింది,” గ్రెగర్ ఆమె భుజం మీద చెయ్యేశాడు. “టీ పెట్టు బంగారం, అందరూ ఎదురుచూస్తున్నారు.”

ఆమె కుట్టిన పరదాలు చూసి అత్తగారు, “మావాడు ఇల్లెంత బాగా సర్దుకున్నాడో!” అనడం గుర్తొచ్చింది. అప్పుడు తానూ నవ్వింది.

అతని జేబులోంచి సుద్దముక్క తీసుకుంది. క్లబ్బు గోడకున్న నల్లబల్ల మీద, వచ్చే ఏడాది జంటల కింద అతని చేతిరాతలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. తన పేరు కొట్టేసి, ఒంటరి పోటీ కింద రాసుకుంది.

“కెటిల్ అదిగో అక్కడుంది గ్రెగర్,” అంది కుర్చీ లాక్కుని కూర్చుంటూ. “వెళ్లు. ఎలా పెట్టాలో ఇక్కణ్ణుంచి నేను చెబుతాను.”