ఆకు తెంపిన నేరం

"చాట గూడ పెట్టుకో. ఊకె కూసునేదానికి అంత దూరం ఎందుకు పోవుడు?" అన్నది మా అత్తమ్మ.

సముద్రం చూడడానికి చాట పట్టుకుని పోయే మనిషిని ఎక్కడైనా చూశారా? నన్ను చూడండి. సోలాపూర్‌లో మా జోడ్‌భావి పేటలో ఇదేం వింత కాదు. మా వాడకట్టు ఆడవాళ్ళు పుట్టింటికి కాన్పుకు పోయినా ఒళ్ళో చాట, చాటలో తంబాకు, చేతిలో కత్తెర ఉండాల్సిందే. మగ్గం మీది మగవాళ్ళకు కరెంటు పోతే సెలవు. బీడీ చుట్టే చేతులకు కరెంటుతో పనేముంది? అందుకే మాకు సెలవనేదే లేదు.

అది తొంభై ఒకటి, మే నెల. మా ఆడబిడ్డ గంగుబాయి కొంకణంలో సముద్రం ఒడ్డు ఊళ్ళో ఉంటుంది. వాళ్ళాయన అక్కడ మన సోలాపూర్ చాదర్లు అమ్ముతాడు. మా బిడ్డ సరోజకు బడి సెలవులు, మా ఆయన సిద్ధరాములు పనిచేసే కార్ఖానాలో మిషన్ల రిపేరు. నాలుగు రోజులు పోయొద్దామన్నారు. నా పెళ్ళయి పదకొండేళ్ళు, సముద్రం చూపిస్తానని మా ఆయన అంటున్నదీ పదకొండేళ్ళే. నాలుగు రోజుల బీడీలకు సరిపడా తునికాకు, తంబాకు మూట కట్టుకుని బస్సెక్కాను.

మొదటి మూడు రోజులు నేను సముద్రాన్ని విన్నాను. చూడలేదు. గంగుబాయి వంటింటి వెనకాల, కొబ్బరి చెట్ల అవతల, హోరుమని ఒకటే చప్పుడు. పొద్దున రొట్టెలు, మధ్యాహ్నం గిన్నెలు, సాయంత్రం అరుగు మీద బీడీలు. మా ఆయన రోజుకు రెండుసార్లు పోయి కాళ్ళు తడుపుకుని వచ్చేవాడు. సరోజ గవ్వలు తెచ్చేది. "నన్ను గూడ ఒక్కపారి తీస్కపోరాదూ" అంటే మా అత్తమ్మే జవాబు చెప్పింది. "ఏముంటదే ఆడ? నీళ్ళే గదా. నల్లా కాడ సూస్తలేవా?"

నిజమే. మా నల్లా రెండు రోజులకొకసారి గంటసేపు వస్తుంది. నేను బిందెలు మార్చడం చూస్తాను గాని, నీళ్ళు ఎప్పుడు చూశాను?

ఇక నాలుగో రోజు. సాయంత్రం ఆరింటికి తిరుగు బస్సు. ఊరి చివర సర్కారు వాళ్ళు కొత్తగా అడవి బాట వేశారని, పిల్లలను తిప్పుకురావచ్చని గంగుబాయి చెప్పింది. ఎట్లాగైనా ఇవాళ సముద్రం చూడకుండా బస్సెక్కనని మనసులో ఒట్టు పెట్టుకున్నాను. పైకి చెప్పలేదు. చెప్తే ఒక పని తగిలిస్తారు.

గేటు దగ్గర పెద్ద బోర్డు. సరోజది మరాఠీ బడి కాబట్టి గడగడా చదివి చెప్పింది. "అమ్మా, ఇది ఇంటిల్లిపాది అల్కగ నడ్శే బాట అంట. రెండు కిలోమీటర్లు. ఆఖర్ల సముద్రం!"

అల్కగ! తేలిగ్గానట! నా తలమీద తడిగుడ్డలో చుట్టిన తునికాకు మూట. చంకలో చాట. ఒక చేతిలో కిరసనాయిలు స్టవ్వు, ఇంకో చేతిలో నీళ్ళ క్యాను. భుజానికి రొట్టెల సంచి. సరోజ చేతిలో దాని చెప్పులు. మా ఆయన భుజం మీద తువ్వాలు. అదీ ఎండకు బరువయిందని కొంచెంసేపటికి నా మెడలో వేశాడు.

గేటు దాటి పది అడుగులు నడిచామో లేదో అత్తమ్మ సరుగుడు చెట్టు నీడ చూసి కూలబడింది. "నా మోకాళ్ళు నడ్వయి బిడ్డా. మీ తండ్రీబిడ్డలు పోయి సూసి రాండ్రి. కోడలు బాలమణి ఈడనే స్టవ్వు ముట్టిచ్చి బువ్వ వండి, గిన్ని బీడీలు సుట్టుకుంటది. నాకు తోడుంటది."

"గదే మంచిది" అన్నాడు మా ఆయన. "ఏమే, ఉల్లిగడ్డలు తెచ్చినవా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళు, నాలుగు రోజులు, ఇప్పుడు ఉల్లిగడ్డలు! అయినా ఏం చేశానంటారు? స్టవ్వు దించాను, మూట విప్పాను, చాట ఒళ్ళో పెట్టుకున్నాను. చేతులకు అలవాటైపోయింది మరి.

అప్పుడు వినపడింది విజిల్.

అడవి గార్డు. కొత్తగా ఉద్యోగంలో చేరినట్టున్నాడు, పాతికేళ్ళు కూడా లేవు. ఖాకీ చొక్కా మడతలు ఇంకా విడలేదు. పరుగెత్తుకొచ్చి ముందు స్టవ్వు మీద పడ్డాడు. లోపల నిప్పు ముట్టించరాదట. స్టవ్వు జప్తు. తర్వాత అతని కన్ను నా మూట మీద పడింది. తడిపిన తునికాకు మెత్తగా, పచ్చగా మెరుస్తున్నది. అతని ముఖం ఎర్రబడింది.

"హీ పానం కుఠూన్ తోడ్లీ?" అని గర్జించాడు. ఈ ఆకులు ఎక్కడ తెంపారని.

మా ఆయన తువ్వాలు నా మెడలోంచి లాక్కుని తన భుజాన వేసుకుని ముందుకొచ్చాడు. పెద్దమనిషిగా మాట్లాడాలంటే భుజం మీద తువ్వాలుండాలి. అవి బీడీ ఆకులనీ, సోలాపూర్ నుంచి తెచ్చుకున్నామనీ మరాఠీలో చెప్పాడు. అతను వినలేదు. మూట నా ఒళ్ళో ఉంది కాబట్టి నేనే చెప్పాలన్నాడు.

"ఆమెకు మరాఠీ రాదు సాబ్. నన్నడుగుండ్రి" అన్నాడు మా ఆయన.

ఈ మాట ఆయన రేషన్ దుకాణంలో అన్నాడు, దవాఖానాలో అన్నాడు, సరోజ బడిలో అన్నాడు. నేను రోజూ బీడీ కార్ఖానాలో వంకర బీడీలని తీసిపారేసే మునీముతో ఏ భాషలో కొట్లాడుతున్నాననుకున్నాడో!

మా అత్తమ్మకు ఆవేశం వచ్చింది. "నా కోడలు దొంగ గాదు! పొద్దుందాక పనే. దానికి ఆకు తెంపేంత తీరిక యాడిది?" అని తెలుగులోనే గద్దించింది. ఇన్నేళ్ళలో ఆమె నా గురించి చెప్పిన నిజం అదొక్కటే.

గార్డు నా వైపే చూస్తున్నాడు. "బాయీ, తుమ్హీ సాంగా" అన్నాడు. మీరు చెప్పండి అని. నన్ను! మా ఆయన పక్కన నిలబడి ఉండగా, నన్ను! నిజం చెప్తే మూట నా ఒళ్ళోకి వస్తుంది. మూట వస్తే సముద్రం పోతుంది.

"ఇథూనచ్" అన్నాను. ఇక్కడే తెంపాను.

మా ఆయన నోరు తెరిచినవాడు మూయడం మరిచాడు. "ఏందే! గట్ల ఎందుకు చెప్తున్నవే?"

"నాకు మరాఠీ రాదు గదా" అన్నాను.

గార్డు మూట, చాట, కత్తెర, తంబాకు అన్నీ తన గుడిసెలో పెట్టుకున్నాడు. పెద్ద సాహెబు నాలుగింటికి వచ్చి చూస్తాడట. అంతదాకా నాకొక శిక్ష కూడా వేశాడు. బాట చివరిదాకా నడిచి, దారిలో ఉన్న ఏడు బోర్డులూ చదివి, చెట్ల గురించి ఏం నేర్చుకున్నానో వచ్చి అప్పజెప్పాలి.

"ఆమెకు చదువు రాదు. నేను పోతా" అన్నాడు మా ఆయన.

శిక్ష పడింది ఆమెకు అన్నాడు గార్డు. బిడ్డను తీసుకుపోవచ్చన్నాడు. ఆ అబ్బాయి అమ్మ చల్లగా ఉండాలి!

నడిచాను. ఖాళీ చేతులతో నడవడం నాకు రాదని అప్పుడే తెలిసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలి? ఊపుతూ నడిస్తే సిగ్గేసింది, కట్టుకుని నడిస్తే చలేసినట్టుంది. సరోజ ఒక్కో బోర్డు చదివి చెప్పింది. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేర్లతో మడచెట్లు గాలి పీలుస్తాయట. ఒక ఎండ్రకాయ మమ్మల్ని చూసి బొరియలోకి దూరింది. దాని గురించి బోర్డు లేదు, అయినా మేము చాలాసేపు నిలబడి చూశాం. కొంచెం దూరం పోయాక సరోజ నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నీ చేతి ఏళ్ళు ఏందో చేస్తున్నయి" అన్నది. చూసుకున్నాను. గాలిలో బీడీ చుడుతున్నాను. ఒక మడత, ఇంకో మడత. ఆపమంటే ఆగవు. సరోజ గట్టిగా పట్టుకుంటే ఆగాయి.

చెట్లు అయిపోయాయి. సముద్రం!

ఏమని చెప్పను? నీళ్ళే. అత్తమ్మ అబద్ధం చెప్పలేదు. కానీ ఎవరూ బిందె పెట్టనక్కరలేని నీళ్ళు. నేను మోయనక్కరలేని నీళ్ళు. నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపం వచ్చింది, ఆ తర్వాత నవ్వొచ్చింది. చీర మోకాళ్ళదాకా ఎత్తి అలల్లోకి దిగితే సరోజ నన్ను చూసి కేకలు పెట్టి నవ్వింది. వాళ్ళమ్మ ఎగరగలదని దానికి తెలియదు పాపం.

తిరిగొచ్చేసరికి నాలుగున్నర. పెద్ద సాహెబు గుడిసె ముందు కుర్చీలో కూర్చుని, ఆకు ఒకటి వాసన చూసి పడీపడీ నవ్వుతున్నాడు. ఇది తునికాకు, ఈ ఉప్పునేలలో మొలవదు కూడా అని గార్డుకు పాఠం చెబుతున్నాడు. నన్ను చూసి, తెంపకుండానే తెంపానని ఎందుకు చెప్పావమ్మా అని అడిగాడు. నడవాలనిపించిందని మరాఠీలోనే చెప్పాను. దానికి నేరం ఒప్పుకోవడం ఎందుకు, బాట అందరిదీ కదా అన్నాడు ఆయన.

మా ఆయనకు బలం వచ్చింది. ఆకలి మీదున్నాడు, వండే దిక్కు లేక ఒట్టి రొట్టెలు నమిలినట్టున్నాడు. "గదే నేను గూడ అంటున్న సాబ్! నడుస్తనంటె ఎవరన్న వద్దన్నరా? ఎవరు ఆపిండ్రే నిన్ను?"

ఎవరూ ఆపలేదు. అదే నిజం. పదకొండేళ్ళలో ఒక్కరూ వద్దనలేదు.

గార్డు నా సామాను తెచ్చి ముందు పెట్టాడు. నేను వంగి తునికాకు మూట తీసి మా ఆయన తలమీద పెట్టాను. చాట చంకలో దోపాను. ఒక చేతికి స్టవ్వు, ఇంకో చేతికి నీళ్ళ క్యాను ఇచ్చాను. ఆయన బిత్తరపోయి అన్నీ పట్టుకున్నాడు.

"ఇవి ఆపినయి" అన్నాను. "బస్సుకు ఇంక గంటన్నర ఉన్నది. నువ్వు గూడ రారాదూ, అల్కగ నడ్శే బాటనంట."

ఆయన కదలలేదు. నేను సరోజ చెయ్యి పట్టుకుని మళ్ళీ సముద్రం వైపు నడిచాను.