ఆకు తేలిన వారం

ఆర్డెల్ అత్త ఫోన్ చేసేసరికి నేను పాన్‌కేక్ తిప్పుతున్నాను. పెళ్లయి పంతొమ్మిది రోజులైంది. గుండ్రంగా వచ్చిన మొదటి పాన్‌కేక్ అది.

"ఆకు తేలింది" అంది అత్త. "ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. వచ్చి చూసుకోండి. పడవ మాత్రం బోర్లా వెయ్యకండి. కొత్త జంటలు చూపు నీళ్ల మీద పెట్టరు."

అత్త అంటే మా ఆయన కర్టిస్ మేనత్త. ఆమె చిన్నతనంలో మా సరస్సు ఒడ్డు నీళ్లలో అడవివరి దానంతట అదే పండేదట. తర్వాత పోయింది. ఆరేళ్లుగా ప్రతి శరత్తులో అత్తా, కర్టిస్ వేరే సరస్సు నుంచి గింజలు తెచ్చి చల్లుతున్నారు. అయిదేళ్లు ఏమీ రాలేదు. ఈ ఏడే మొదటిసారి దాని ఆకు నీళ్ల మీదకి తేలింది.

మా ఓజిబ్వే తెగలో వరికోతకి పడవకి ఇద్దరు. ఒకరు గెడ వేస్తే, ఒకరు కర్రతో కంకులు వంచి గింజలు దులుపుతారు. ఆగస్టులో మొదటి పడవ మాదేనని అత్త ఎప్పుడో తేల్చేసింది. పెళ్లికానుకగా కర్టిస్ నాకు దేవదారు కర్రలు రెండు చెక్కాడు. ఎంత తేలికో! బల్ల మీదా, మంచం కోడు మీదా, అతని భుజం మీదా వాయించి చూశాను.

ఆ శనివారమే వెళ్లాం. ఆకులన్నీ తడిజుట్టులా ఒకే వైపుకి పరుచుకుని ఉన్నాయి. ఒక తూనీగ నా మోకాలి మీద వాలి చాలాసేపు కూర్చుంది. ఇప్పుడు వేరుకి పట్టుండదనీ, తెడ్డు కూడా తగలనివ్వొద్దనీ కర్టిస్ చెప్పాడు. చుట్టూ నాలుగు కర్రలు పాతి నారింజరంగు గుడ్డలు కట్టాం.

అప్పుడే ఎదుటి ఒడ్డు నుంచి తెల్లటి వేక్‌బోటు బయల్దేరింది. కడుపు నిండా నీళ్లు నింపుకుని, వెనకభాగం ముంచుకుని, వెనకాల మనిషెత్తు అల లేపుతూ వెళుతుంది అది. ఆ అల మీద ఒక అమ్మాయి పలక మీద నిలబడి, తాడు కూడా లేకుండా జారుతోంది. నడిపే ఆయన మా గుడ్డలు చూసి ఇంకా దూరం జరిగాడు. చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

చాలాసేపటికి అల మా దాకా వచ్చింది. పడవని ఎత్తి మెల్లగా దింపింది. నాకు నవ్వొచ్చింది.

"మళ్లీ వస్తే బాగుండు" అన్నాను.

కర్టిస్ నవ్వలేదు. అడుగు నుంచి నీళ్లు కాఫీరంగుకి తిరుగుతున్నాయి. అల మళ్లీ వచ్చింది. ఆపకుండా మధ్యాహ్నం దాకా వస్తూనే ఉంది.

మేము ఆ బోటాయన ఇంటికి వెళ్లాం. కూర్చోబెట్టి నిమ్మరసం ఇచ్చాడు. ఒడ్డుకి ఎంత దూరం ఉండాలో నిబంధన చూపించాడు. తను దానికి రెట్టింపు దూరంలోనే నడిపానన్నాడు. అది నిజమే. గడ్డి మళ్లీ మొలవదా అని అడిగాడు, పాపం, తెలియకే.

"ఏడాది మొక్కండీ అది" అన్నాడు కర్టిస్. "గింజ రాలకపోతే వచ్చే ఏడు కూడా ఉండదు."

ఆయన బాధపడ్డాడు. ఆదివారం చుట్టాలు వస్తున్నారనీ, పిల్లలు బోటు కోసమే వస్తున్నారనీ అన్నాడు.

మేము తిరిగొచ్చేసరికి అత్త ఒడ్డున ఉంది. మొక్కలు కట్టలు కట్టలుగా కొట్టుకొచ్చాయి. ఆమె ఒకటి తీసి చూసింది. మట్టి మొత్తం పోయి వేరు తెల్లగా ఉంది. నేను నవ్విన సంగతి చెప్పాలనుకున్నాను. వంగి ఇంకో కట్ట ఒడ్డుకి లాగాను.

"ఇంకో ఆరేళ్లంటే నాకు ఎనభై అయిదు" అంది. తర్వాత నా కర్రలు అడిగి తీసుకుని, వేలితో తడిమి, తిరిగిచ్చింది. "మంచి చెక్క. దాచుకో."

కర్టిస్ ఆమె కేసి చూడలేక నీళ్ల కేసి చూస్తున్నాడు.

"రేపు ఆరింటికల్లా బకెట్లు తీసుకుని రండి" అంది అత్త. "ఆ బోటు లేవకముందే వీటిని మళ్లీ బురదలో గుచ్చుదాం."

"బతకవు అత్తా" అన్నాడు కర్టిస్.

"తెలుసురా. కాఫీ నేను తెస్తాను."