ఒకే నంబరు మీద ఇద్దరు

భర్త చొక్కాను ఇస్త్రీ చేస్తున్న ఆమెకు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ ఒకింటి అత్తగారికి రాసిన మందును ఆమె కోడలికి ఇచ్చారట. ఆ పిల్లకు ఊపిరాడలేదు, ఎలాగో గండం గడిచింది. ఇద్దరూ ఆ ఇంటాయన ఫోన్ నంబరు మీదే నమోదయ్యారు.

ఆ ఆసుపత్రికి రోగుల వివరాలు దాచే డేటాబేస్ డిజైన్ చేసింది ఆమె భర్తే. భార్యాభర్తలిద్దరిదీ ఒకే ఆఫీసు. ఒక ఫోన్ నంబరంటే ఒక మనిషి, అంతే, అన్నాడు. "చాలామంది ఆడవాళ్ళకు సొంత నంబరుండదండీ. మనిషికో గుర్తింపు సంఖ్య ఇద్దాం" అని ఆమె అప్పుడే మొత్తుకుంది. "నీదంతా చాదస్తం. కోడ్‌లో సర్దెయ్" అన్నాడు. ఆ డిజైన్‌తోనే మేనేజరయ్యాడు. ఆరేళ్ళుగా ఆమె సర్దుతూనే ఉంది. ఒకే నంబరు మీద ఇద్దరు కనబడితే పేరు అడిగే కోడ్ రాసింది. పోయిన నెల అన్నం తింటూ, "ప్రతిసారీ పేరు అడుగుతోందని డాక్టర్లు విసుక్కుంటున్నారు, తీసెయ్" అన్నాడు. వద్దని రెండుసార్లు చెప్పి, మూడోసారి తీసేసింది. ఆ మూడోసారి నోరు ఎందుకు మూతపడిందా అని ఆఫీసుకు వెళ్ళే దారంతా తనను తానే తిట్టుకుంది.

ఆఫీసు మీటింగులో కంపెనీ డైరెక్టర్, "ఎవరి పొరపాటు?" అన్నాడు.

భర్త ఆమె వైపు చూడకుండానే, "ఆ కోడ్ ఆవిడ తీసేశారు సార్" అన్నాడు.

ఆవిడట!

బయటికి రాగానే భర్త గొంతు తగ్గించి, "నీకైతే మందలించి వదిలేస్తారు. నాకైతే ఉద్యోగం పోతుంది. సాయంత్రానికి ఆ కోడ్ మళ్ళీ పెట్టెయ్, గొడవ వదిలిపోతుంది" అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి డైరెక్టర్ గదిలోకి వెళ్ళింది.

"తీసింది నేనే సార్. తీయమన్నది ఆయన. మళ్ళీ పెట్టినా ఇంకోచోట ఇదే జరుగుతుంది. తప్పు డిజైన్‌లోనే ఉంది. మూడు వారాలివ్వండి, మొదటి నుంచి మారుస్తాను."

గుమ్మం దగ్గర భర్త మొహం నల్లబడింది.

మూడు వారాల్లో డిజైన్ మారింది. మనిషికో సంఖ్య వచ్చింది. ఫోన్ లేని ఆడవాళ్ళు కూడా ఎవరికి వారుగా నమోదవుతున్నారు. భర్త ఉద్యోగం పోలేదు గానీ మేనేజరు కుర్చీ పోయింది. ఇంట్లో ఆమెతో మాట మానేశాడు.

ఇన్నేళ్ళలో ఎప్పుడు మాటలు ఆగిపోయినా, తప్పెవరిదైనా, ముందు పలకరించింది ఆమే. ఈసారి పలకరించలేదు.