నీలం టేపు కింది పైపు

చప్పుడు విని ఇంజను రోగం చెప్పేస్తాడని మేస్త్రీకి పేరు. ఆ పేరు మోసీ మోసీ మెడ కాస్త బిరుసెక్కింది. అందుకే వ్యాను నడిపే కోడలు వచ్చి, "మామయ్యా, మన బడిపిల్లల వ్యాను ఆగిన చోటల్లా వణుకుతోంది. బ్రేకు రాయిలా బిగుసుకుపోతోంది" అన్నప్పుడు బానెట్ ఎత్తి చూడనైనా చూడలేదు. షెడ్డులో పనివాళ్లంతా వింటుండగా, "బండికేం రోగం లేదమ్మా, నీ కాలికే సత్తువ లేదు" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆయనా నవ్వాడు, సొంత జోకు కదా!

నిన్న బడి గేటు ముందు బ్రేకు పడక వ్యాను గోడను రాసుకుంది. పిల్లలు అప్పటికే దిగిపోయారు కాబట్టి సరిపోయింది. కోడలు మాత్రం హడలిపోయింది. తాళాలు తెచ్చి మామగారి బల్ల మీద పెట్టి, "వేరే డ్రైవర్ని చూసుకోండి, నా వల్ల కాదు" అని వెళ్లిపోయింది. ఇంట్లో అందరితో పోట్లాడి మరీ నేర్చుకున్న పని అది.

ఇవాళ గీతలు పడ్డ తలుపు సరిచేద్దామని మేస్త్రీ వ్యానుని షెడ్డులోకి తెస్తూ బ్రేకు తొక్కాడు. పెడల్ దిగలేదు. సీట్లోంచి లేచి, ఒళ్లంతా మోపి తొక్కితే గానీ బండి ఆగలేదు. "ఇదేం చోద్యం!" అనుకుంటూ బానెట్ ఎత్తితే, లోపల బుస్సుమని గాలి పీలుస్తున్న చప్పుడు. బ్రేకుని తేలిక చేసేది ఇంజను నుంచి బ్రేకు బూస్టరుకి వెళ్లే వాక్యూమ్ పైపే. అది చిట్లితే పెడల్ బిగుస్తుంది, ఇంజనూ వణుకుతుంది. దాని వంపు దగ్గర జిగురు కరిగి విచ్చుకున్న నీలం టేపు కనిపించింది.

మేస్త్రీ ఆ టేపుని వేలితో తడిమి చూశాడు. నీలం టేపు ఆయన జేబులో తప్ప షెడ్డులో ఇంకెక్కడా ఉండదు, ఎవరినీ ముట్టుకోనివ్వడు కూడా. ఈ వ్యానుకి క్లచ్ తీగ మార్చిన రోజు ఆయన చేతిలోంచే స్పానరు జారి ఆ పైపు చిట్లింది. కొత్తది తెచ్చేదాకా అని టేపు చుట్టి, ఆ సంగతే మరిచిపోయాడు మహానుభావుడు!

పలచటి పెట్రోలు పైపు వేస్తే, ఇంజను గాలి పీల్చే ఊపుకి లోపలికి నలిగిపోతుంది. అందుకని మందపాటిది వెతికి, కొలిచి కోసి, రెండు కొసలా క్లిప్పులు బిగించాడు. ఇంజను ఆగి ఉండగానే పెడల్ గట్టిపడేదాకా తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేశాడు. పెడల్ మెత్తగా కిందికి దిగింది, బ్రేకు బాగుపడింది. మామూలుగా అయితే మీసం దువ్వేవాడే. ఇవాళ చెయ్యి మీసం దాకా పోలేదు.

"ఏం దొరికింది మేస్త్రీ?" అన్నాడు పెద్ద పనివాడు.

"ఏదో... చిన్న పైపు" అంటూ పాత ముక్కని జేబులో కుక్కేశాడు. అప్పుడు తట్టింది. రేపు కొత్త డ్రైవరు వస్తాడు, ఇదే బండిని హాయిగా నడుపుతాడు. దాంతో తప్పంతా కోడలి కాలిదేనని అందరూ తేల్చేస్తారు. తను నోరు మూసుకుంటే చాలు. ఛీ, ఇంత దిగజారాడా తను!

షెడ్డు వెనకే ఇల్లు. వెళ్లి చూస్తే, కోడలు వంటగది గుమ్మం పట్టుకుని, కుడికాలితో గోడను బలంగా నెడుతోంది. పాదం ఎర్రగా కందిపోయింది.

"ఏంటమ్మా అది?"

"కాలికి సత్తువ రావాలి కదా మామయ్యా."

ఆయనకి భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. "షెడ్డులోకి రామ్మా. అందరి ముందూ అన్నాను, అందరి ముందే చెప్పాలి" అని తీసుకెళ్లాడు. పైపు ముక్క బయటికి తీసి, "తప్పు కోడలిది కాదు, నాది. ఇది చిట్లగొట్టిందీ నేనే, టేపు చుట్టి వదిలేసిందీ నేనే. గుడ్డిగా ఆ పిల్ల మీద తోసేశాను" అన్నాడు. ఈసారి ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

కోడలు ఆ ముక్కని తీసుకుని తిప్పి చూసింది.

"మీరలా అన్నాక నేనూ బానెట్ ఎత్తాను మామయ్యా. ఈ టేపు ఊడుతుండటం చూశాను. మీరు చుట్టింది కదా, దాంట్లో తప్పెందుకుంటుందిలే అని నా కాలినే తిట్టుకున్నాను."

మేస్త్రీ తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. ముఖం మాత్రం చూడలేకపోయాడు.