హెడ్విగ్ పేరు పక్కన శిలువ

మా మామగారు ఎవాల్ట్ క్రైస్తవ చరిత్రను మామూలు జనం చదువుకునేలా రాస్తారు. మా జర్మన్ ఊరు పాడర్‌బోర్న్‌లో రైలెక్కేవాళ్ల చేతుల్లో కూడా ఆయన పుస్తకాలు కనిపిస్తాయి. మా పెళ్లికి నాలుగు వారాల ముందు అత్తగారు హెడ్విగ్ పోయారు. పెళ్లి ఆపొద్దని ఆవిడే చెప్పి పోయారు. మామగారు ఏడవలేదు. వేళకు లేస్తారు, గడ్డం గీసుకుంటారు, అచ్చు ప్రతులు దిద్దుతారు.

ఆఖరి కట్ట ఆ శుక్రవారం నాలుగు గంటల తపాలాకు వెళ్లకపోతే పుస్తకం క్రిస్మస్‌కు అందదు. మిగిలినవి పేర్ల పట్టిక, అంకితం పేజీ. పోయినవాళ్ల మరణ సంవత్సరం ముందో, పేరు పక్కనో చిన్న శిలువ వేయడం మా ఆనవాయితీ. అంకితంలో "హెడ్విగ్‌కు" అని మాత్రమే ఉంది, ఆవిడ ఉండగా రాసింది. "శిలువ వేయమంటారా?" అని ప్రచురణకర్త అంచున పెన్సిలుతో అడిగాడు. వారం నుంచి దానికి జవాబు లేదు.

నేను చరిత్ర చదివినదాన్నని పట్టిక నాకిచ్చారు. నా కొత్త ఉంగరం టీ కప్పుకు తగిలి టింగుమంది. ఆ చప్పుడంటే నాకెంత ఇష్టమో! ఆయన వింటారేమోనని కప్పు రెండో చేతిలోకి మార్చుకున్నాను.

కట్టను తపాలాకు చేర్చడానికి కిటికీ అవతల మా ఆయన యోస్ట్ సైకిలుతో నిలబడ్డాడు.

"ఏమే పండితురాలా, బిషప్పులందర్నీ పాతిపెట్టడం అయిందా? మూడున్నర!"

"నోరు మూసుకుని టైర్లకు గాలి కొట్టుకో!"

నవ్వాపుకుంటూ పట్టికలో వేలు కిందికి జరిపాను. పునీత హెడ్విగ్, 1243. ఆ అంకె ముందున్న శిలువను మామగారు ఎర్ర సిరాతో కొట్టేశారు. రాజులకూ బిషప్పులకూ ఉంది. ఆవిడ ఒక్కదానికే లేదు.

"మామయ్యా, ఈవిడ పోయి ఏడువందల ఏళ్లు దాటిందండీ."

ఆయన కాగితాన్ని దగ్గరికి లాక్కున్నారు. "నేనేనా కొట్టేసింది?"

"సిరా మీదే."

"ముప్పయ్యేళ్లలో ఒక్క పునీతురాలినీ బతికించలేదమ్మాయ్."

కొట్టేసినదాన్ని ఉంచమని దాని కింద చుక్కలు పెట్టారు. కలం కింద పెట్టకుండానే అంకితం పేజీ తీశారు. బిషప్పులకు వేసినంత శిలువే, అంతే తిన్నగా, భార్య పేరు పక్కన వేసి సిరా మీద ఊదారు.

"ఇచ్చెయ్. వాడు చలిలో నిలబడ్డాడు."

యోస్ట్ వెళ్లాక ప్లమ్ పళ్ల కేకు ముక్క మామగారి ముందు పెట్టాను. మొత్తం తిన్నారు.

"ఎలా ఉంది మామయ్యా?"

"ఏమో, రుచి తెలియడం లేదమ్మాయ్," అని పళ్లెం మళ్లీ చాపారు.